వినైల్ మీద టైల్స్ అతికించే జిగురు: మేడ మీద గదికి సరే, కింది గచ్చుకి వద్దు

పాత వినైల్ ఫ్లోరింగ్ పీకక్కర్లేదు, దాని మీదే టైల్స్ వేసెయ్యొచ్చు అని చెప్పి అమ్మే జిగురు బస్తాలు రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం ఎక్కడ అడిగినా ఇప్పుడు దొరుకుతున్నాయి. రాఫ్, లాటిక్రీట్, అల్ట్రాటెక్ టైల్‌ఫిక్సో, వెబర్ ఇలా పేర్లు వేరైనా సరుకు ఒకటే జాతి. పాలిమర్ కలిపిన సిమెంటు పొడి, దానికి జతగా నున్నటి నేలకి గరుకు తెచ్చే ప్రైమర్ డబ్బా. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ఈ జోడీ మన డెల్టా ఇళ్లలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ డబ్బు దండగ అన్న దాని గురించి.

తీర్పు ముందే చెప్పేస్తాం. జిగురు మంచిదే. బస్తా మీద రాసిన పట్టు అబద్ధం కాదు. కానీ ఆ పట్టు టైలుకీ వినైలుకీ మధ్య. వినైలుకీ దాని కింద గచ్చుకీ మధ్య ఉన్న పట్టు ఏ బస్తాలోనూ రాదు. ఎప్పుడో ఏ పనివాడో డబ్బా జిగురు పూసి అతికించిన ఆ పాత పట్టు మీదే మీ కొత్త టైల్స్ మొత్తం నిలబడాలి. మేడ మీద శ్లాబులో అది గట్టిగా ఉండొచ్చు. కింది అంతస్తులో, అదీ కాలవ గట్టు పక్కన నల్లరేగడి మీద కట్టిన ఇంట్లో, ఉంటుందని నమ్మి డబ్బు పెట్టడం తప్పు.

ముందు మీ కాళ్ల కింద ఉన్నది ఏ వినైలో తేల్చుకోవాలి. మన వైపు అన్నిటినీ కలిపి కార్పెట్ అనో ప్లాస్టిక్ షీటు అనో అనేస్తాం గానీ టైల్స్ సంగతి వచ్చేసరికి వాటి మధ్య తేడా చాలా ఉంది. మీటర్ల లెక్కన కోసి అమ్మే మెత్తటి రకం, బొటనవేలితో నొక్కితే గుంటపడి మళ్లీ పైకి లేచేది, వెనక నురగ ఉన్న షీటు. దాని మీద ఏ జిగురుతోనూ టైల్స్ నిలవవు. మంచం కోడు దగ్గర నురగ అణుగుతుంది, టైలు ఒక మూల కిందికి దిగుతుంది, ముందు జాయింటు చిట్లుతుంది, తర్వాత టైలే పగులుతుంది. పలకలు ఒకదానిలో ఒకటి క్లిక్ అని ఇరికించే ఎస్‌పీసీ రకం నేలకి అసలు అతుక్కునే ఉండదు, తేలుతూ ఉంటుంది. దాని మీద అతికించడమంటే కదిలే నేల మీద అతికించడం. విప్పి తీస్తే గంట పని, మరో గదిలో వేసుకోవచ్చు కూడా. కాగితం ఊడదీసి అతికించే స్టిక్కర్ పలకలదీ అదే దారి. వేడికి వాటి జిగురు మెత్తబడి పలక జరుగుతుంది.

ఇక మిగిలింది క్లినిక్కుల్లో, బ్యూటీ పార్లర్లలో, ఆఫీసు గదుల్లో కనిపించే గట్టి షీటు. మందం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, వెనక నురగ ఉండదు, నేలంతా రబ్బరు జిగురు పూసి పరిచింది. ఒకే పొర ఉండి, అంచు నుంచి అంచు దాకా అతుక్కుని ఉంటే, ఈ ఒక్క రకం మీదే టైల్స్ మాట ఎత్తొచ్చు. రెండు పొరలుంటే పై పొరైనా తీసేయాల్సిందే.

ఒక్క హెచ్చరిక. పాత ఆఫీసు భవనాల్లో తొమ్మిదంగుళాల చదరపు పలకలు, గట్టిగా, వంచితే విరిగేవి కనబడితే వాటిని గీకొద్దు, ఉప్పుకాగితం పట్టొద్దు. ఒకప్పుడు ఈ పలకల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. మన దేశంలో వాటికి ఐఎస్ 3461 అనే ప్రమాణమే పెట్టారు. గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. పలకలు పగలకుండా ఉన్నంతసేపు వాటిని కదపకపోవడమే మేలు. అలాంటి నేలకి గరుకు పెట్టడం మానేసి, సబ్బు నీళ్లతో మైనం, జిడ్డు వదలగొట్టి, ఇసుక ప్రైమర్ మీదే ఆధారపడాలి. అవి ఊడిపోతుంటే మాత్రం తెలిసినవాళ్లతో తడి ఆరకుండా తీయించాలి.

పరీక్ష రెండు పనులే. మొదటిది, కొయ్య పిడితో నేలంతా అడుగుకి ఒకసారి తట్టి వినడం. డొల్ల మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. గది మొత్తంలో అక్కడక్కడా అరచేయంత డొల్ల ఉంటే ఆ ముక్క కోసి తీసి, ఆ పల్లాన్ని జిగురుతోనే పూడ్చి ముందుకెళ్లొచ్చు. పదో వంతు దాటి మోగితే ఇక ఆలోచించక్కర్లేదు, మొత్తం పీకించండి. రెండోది, తలుపు వెనకో బీరువా కిందో కనబడని చోట కత్తితో గుణకారం గుర్తులా కోసి, కొన పట్టుకుని లాగడం. వెనక జిగురు ముక్కలు ముక్కలుగా తెగుతూ, కొంత గచ్చుకీ కొంత షీటుకీ అంటుకుని బలవంతాన వస్తే పట్టు ఉన్నట్టు. అరటి తొక్కలా సునాయాసంగా వచ్చేసి, వెనక తడిగానో, నల్లగానో, పాలలా తెల్లగానో ఉంటే జిగురు చచ్చిపోయినట్టే. ఆ చచ్చిన జిగురు వాసన ఒక్కసారి తగిలితే మరో పరీక్ష అక్కర్లేదు.

ఇక్కడే డెల్టా సంగతి వస్తుంది. భూమిలో నీరు మన దగ్గర పైనే ఉంటుంది. పునాదికి తేమ అడ్డుపొర వేయని పాత ఇళ్లలో గచ్చు ఏడాదిలో ఎక్కువ నెలలు కింది నుంచి తేమ పీల్చుతూనే ఉంటుంది. ఉట్టి గచ్చైతే ఆ తేమ గాలిలో ఆరిపోతుంది. వినైల్ పరిచాక ఆరే దారి మూసుకుపోయి షీటు కిందే నిలబడి జిగురుని తింటుంది. మీద మళ్లీ విట్రిఫైడ్ టైల్ వేస్తే మూతకి మూత. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు దాని బరువులో అర శాతం కంటే తక్కువ, కాబట్టి పైనుంచి ఆరే ఆశ లేదు. దీనికి తోడు చాలామంది ఇంటి పని వేసవిలో పెట్టుకుంటారు. కాలవలు కట్టేసి, పొలాలు ఎండి, నేల ఏడాదిలోకెల్లా పొడిగా ఉండే రోజులవి. అప్పుడు కోసి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. జూన్‌లో కాలవలకి నీరొదిలి, ఆపైన వానలు పడ్డాక అదే నేల వేరుగా ఉంటుంది. కింది అంతస్తు గచ్చుని పరీక్షించాలంటే ఆగస్టు తర్వాత పరీక్షించాలి. అడుగున్నర చదరం షీటు ముక్క కోసి తీసి, బయటపడ్డ గచ్చు మీద పాలిథీన్ కాగితం నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక రాత్రి, మర్నాడు ఉదయం దాకా ఉంచండి. కాగితం లోపల నీటి చుక్కలు పట్టినా, గచ్చు రంగు ముదిరినా సమాధానం దొరికినట్టే. వినైల్ మీదే కాగితం అంటించి చూసి బాగుందని చెప్పే మేస్త్రులున్నారు. నీరు దాటనివ్వని షీటు మీద పెట్టిన ఆ పరీక్ష ఏమీ చెప్పదు.

నల్లరేగడి సంగతి కూడా ఇందులోనిదే. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నేల అది. దాని మీద నేరుగా పరిచిన గచ్చులో సన్న పగుళ్లు ఏటా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. వినైల్ సాగుతుంది గనక పగులు బయటికి కనబడనివ్వదు. టైలు సాగదు.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. మన దేశంలో టైల్ జిగురుకి ప్రమాణం ఐఎస్ 15477, ప్రస్తుతం నడుస్తున్నది 2019 నాటి కూర్పు. అందులో టైప్ 1 నుంచి టైప్ 5 వరకు తరగతులు. అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది, కష్టమైన నేలలకి పనికొస్తుంది. చాలా కంపెనీలు దాంతో పాటు యూరప్ పద్ధతి అక్షరాలు కూడా అచ్చేస్తాయి. సీ1 అంటే చదరపు మిల్లీమీటరుకి అర న్యూటన్ పట్టు, సీ2 అంటే ఒక న్యూటన్. చదరపు సెంటీమీటరుకి పది కిలోల లాగుడు తట్టుకుంటుందన్నమాట. టీ (T) ఉంటే గోడ మీద జారదు, ఈ (E) ఉంటే పూసిన తర్వాత ఎక్కువసేపు తడి నిలుస్తుంది. ఎస్1, ఎస్2 అన్నవే మనకి ముఖ్యం. గట్టిపడ్డ జిగురు పట్టీని వంచితే విరిగే లోపు రెండున్నర మిల్లీమీటర్లు వంగేది ఎస్1, అయిదు దాటేది ఎస్2. వినైల్ ఎండకి సాగి చలికి ముడుచుకునే సరుకు గనక వంగే గుణం లేని జిగురు ఇక్కడ పనికిరాదు. అడగాల్సింది సీ2 ఎస్1, లేదా ఐఎస్ లెక్కన టైప్ 3 అంతకన్నా పైది ఎస్1 గుర్తుతో. టైప్ 1 బస్తా చవకని తెచ్చుకుంటే, అది వినైల్‌ని పట్టుకోదు. ఆరాక పలక ఎత్తితే అడుగున జిగురు అద్దంలా నున్నగా ఊడివస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ సీ1, సీ2 అంకెలన్నీ కాంక్రీటు పలక మీద అతికించి లాగి తీసినవి. వినైల్ మీద తీసినవి కావు. వినైల్ మీద వాడొచ్చో లేదో ఆ సరుకు తాలూకు సాంకేతిక పత్రంలో, ఏ నేలల మీద వాడొచ్చు అన్న వరసలో ఉండాలి. అదీ ఏ ప్రైమర్ వేశాక అన్నది కూడా. షాపులో కుర్రాడు ‘దేని మీదైనా అతుక్కుపోద్దండి’ అంటే సరిపోదు. టైలు మీద టైలు అని బస్తా మీద పెద్దక్షరాల్లో ఉన్నంత మాత్రాన వినైల్ అందులో చేరినట్టు కాదు. చాలా పత్రాల్లో ఆ రెండూ వేర్వేరు వరసలు.

పొడితో పాటు ద్రవం డబ్బా కలిపే రెండు భాగాల జిగురు ఇంకా వంగుతుంది, తడిని బాగా ఓర్చుకుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. సిమెంటే లేని పాలియురెథేన్ జిగురు నున్నటి వినైల్‌ని అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది. కానీ పదీ పన్నెండు గదికి దాని ఖర్చుతో పాత షీటు పీకించి, మామూలు జిగురుతో టైల్స్ వేయించి ఇంకా మిగుల్చుకోవచ్చు. ఆ ఖర్చు ఇళ్లకి తగదనే మా అభిప్రాయం.

ప్రైమర్ విషయంలో పీనాసితనం వద్దు. వినైల్‌కి రంధ్రాలుండవు గనక సిమెంటు జిగురు దానిలోకి ఇంకి వేళ్లూనలేదు. మెత్తటి ఇసుక కలిసిన యాక్రిలిక్ ప్రైమర్ ఆ గరుకుని తెస్తుంది. అది వేసే ముందు నేల మీద మైనం పాలిష్, పార్లరైతే కొబ్బరినూనె జిడ్డు, మొత్తం వదలాలి. డిటర్జెంట్ వేడినీళ్లతో రెండుసార్లు రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరాక నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే జిడ్డు ఇంకా ఉంది, పరుచుకుంటే వదిలినట్టు. తర్వాత 60 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా గీకి, దుమ్ము తుడిచి, రోలరుతో ఒక చేయి. లీటరు డబ్బా దాదాపు యాభై నుంచి డెబ్బై చదరపు అడుగులకి వస్తుంది. ఎక్కువ పలుచన చేస్తే ఇసుక అడుగునే ఉండిపోతుంది గనక డబ్బాని పని జరుగుతున్నంతసేపూ కలుపుతుండాలి. ఆరిన తర్వాత అరచేత్తో రాస్తే గరుకుగా తగలాలి, గోటితో గీకితే పొరలా లేవకూడదు. ముసురు రోజుల్లో డబ్బా మీద రాసిన సమయానికి రెట్టింపు ఆగండి.

కిరోసిన్ లేదా పెట్రోలుతో జిడ్డు తుడిచే అలవాటు కొందరు పనివాళ్లకి ఉంది. నిప్పు ప్రమాదం ఒకటైతే, ఆ నూనె పొర వినైల్‌లోకి ఇంకి ప్రైమర్‌నే పట్టనివ్వకపోవడం రెండోది. దగ్గరుండి ఆపాల్సిన పని ఇది.

పరిమాణాల దగ్గర ఇంజనీర్ల ఇళ్లలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది, అందుకే కొంచెం విడమరిచి చెబుతాం. గది పదడుగులూ పన్నెండడుగులూ అనుకోండి, 120 చదరపు అడుగులు. రెండు బై రెండు టైల్స్ పెట్టెలో నాలుగు, అంటే పదిహేనున్నర చదరపు అడుగులు. తరుగు కలిపి తొమ్మిది పెట్టెలు చాలనిపిస్తుంది. చాలవు. రెండడుగుల టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగులు 610. పదడుగుల వెడల్పులో అయిదు టైల్స్ వేస్తే జాయింట్లు, గోడ పక్క ఖాళీ పోను చివర రెండు సెంటీమీటర్ల సన్న పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ కోస్తే కోత దగ్గరే విరుగుతుంది, కుదిరినా చూడ్డానికి బాగోదు. కాబట్టి మధ్యలో నాలుగు నిండు టైల్స్, రెండు వైపులా 310 మిల్లీమీటర్ల ముక్కలు రావాలి. పన్నెండడుగుల వైపు కూడా ఇంతే, అయిదు నిండువి, చివర్లలో ముక్కలు. 310 కోయగా మిగిలేది 290, అది మరో ముక్కకి పనికిరాదు. ఆరు వరసలు, వరసకి ఏడు, నలభై రెండు టైల్స్. రెండు అదనంగా వేసుకుంటే పదకొండు పెట్టెలు. మిగిలిన 290 ముక్కల్ని నిలువునా కోస్తే నాలుగంగుళాల స్కర్టింగ్ గది చుట్టూ వచ్చేస్తుంది, దానికి వేరే కొనక్కర్లేదు.

జిగురు లెక్క: మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి దాదాపు కిలోన్నర లోపు. ఎనిమిది మిల్లీమీటర్ల పళ్ల తాపీతో దువ్వి టైలు వేసి తడితే మూడు మిల్లీమీటర్ల పొర మిగులుతుంది. టైలు వెనక కూడా పల్చగా ఒక చేయి పూయాలి. అన్నీ కలిపి ఈ గదికి అరవై, అరవై అయిదు కిలోలు. 20 కిలోల బస్తాలు నాలుగు తెచ్చుకోండి. మూడు తెచ్చుకుంటే చివరి వరసల్లో మేస్త్రి జిగురు పల్చగా లాగుతాడు, డొల్లలు వచ్చేది సరిగ్గా తలుపు దగ్గర, అందరూ తొక్కే చోట. ప్రైమర్ రెండు లీటర్లు. జాయింటు పొడి మూడు మిల్లీమీటర్ల సందుకి రెండు కిలోలు, మూడు తెచ్చుకుంటే చింత ఉండదు.

బస్తా కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. గోదాముల్లో వానాకాలమంతా గోడకి ఆనించి పెట్టిన బస్తాలు మన వైపు చాలా కనబడతాయి. వేళ్లతో నొక్కితే గడ్డలు తగిలితే, ఆ గడ్డలు వేళ్ల మధ్య నలిగినా సరే, తీసుకోవద్దు.

కలపడానికి నీళ్లు బస్తా మీద రాసినంతే, ఎక్కువ సరుకులకి 20 కిలోలకి అయిదు లీటర్లు అటూ ఇటూ. కొలత బకెట్ వాడాలి, మగ్గుల లెక్క కాదు. సముద్రం వైపు ఊళ్లలో, రాజోలు, నరసాపురం దిగువన, బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కలిపితే జాయింట్లలో చవుడు తెల్లగా పూస్తుంది, ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తుంది. తాగే నీరే వాడండి, గదికి జిగురు, జాయింటు కలిపి పాతిక లీటర్లు చాలు. ముందు నీళ్లు, తర్వాత పొడి, డ్రిల్లుకి తగిలించిన కలిపే కడ్డీతో నిదానంగా. గడ్డలు పోయాక అయిదు నుంచి పది నిమిషాలు వదిలేసి మళ్లీ ఒకసారి కలపాలి. ఆ విరామంలోనే పాలిమర్ నీళ్లలో కరుగుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటోందని నీళ్లు చల్లడం మొదలెడితే ఖరీదైన జిగురుని చవక జిగురు చేసుకున్నట్టే.

ఇంతకన్నా పెద్ద పాపం ఒకటుంది. బస్తా పొడిలో సగం సిమెంటు, ఇసుక కలిపి రెట్టింపు చేయడం. మేస్త్రి మిమ్మల్ని మోసం చేయాలనేం కాదు, ‘ఉట్టి జిగురు ఎందుకండీ, కాస్త సిమెంటు వేస్తే గట్టిపడద్ది’ అని నిజంగానే నమ్ముతాడు. గట్టిపడుతుంది, వంగే గుణం పోతుంది. మనం డబ్బు పెట్టిందే ఆ వంగే గుణానికి.

పరిచేటప్పుడు కిటికీలు మూసి ఫ్యాను ఆపించండి. ప్రయోగశాలలో ఇరవై నిమిషాలు తడి నిలిచే పొర, మే నెలలో రాజమండ్రి ఎండకి, ఫ్యాను గాలికి, అంతసేపు నిలవదు. వేలితో తాకితే వేలికి అంటకపోతే పైన పొర కట్టినట్టు, గీకి పారేసి కొత్తది పూయాలి. ఒకేసారి రెండు టైల్స్‌కి సరిపడా మాత్రమే దువ్వాలి, గీతలన్నీ ఒకే దిక్కుకి ఉండాలి, టైలుని ఆ గీతలకి అడ్డంగా ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చోబెడితే గాలి బయటికి పోతుంది. టైలు వెనక బట్టీ నుంచి వచ్చిన తెల్ల పొడి ఉంటుంది, తడిగుడ్డతో తుడవకపోతే జిగురు ఆ పొడికే అంటుకుని ఊడుతుంది. విట్రిఫైడ్ టైల్స్‌ని తొట్టిలో నానబెట్టడం ఇక్కడ అవసరం లేదు, హాని కూడా.

నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి అని అయిదు ముద్దలు పెట్టి టైలు అదిమేసే పద్ధతి ఉంది చూశారూ, అది వినైల్ మీద ఎంత మాత్రం పనికిరాదు. ముద్దల మధ్య ఖాళీ మీద బీరువా కాలు పడితే టైలు పగులుతుంది. అప్పుడప్పుడూ వేసిన టైలుని వెంటనే ఎత్తించి వెనక చూడండి. కనీసం ఎనభై శాతం జిగురు అంటి ఉండాలి, మూలలు నాలుగూ నిండి ఉండాలి.

జాయింటు లేకుండా ఆనించి వేయడం ఇప్పటి మోజు. ఇక్కడ ఒప్పుకోవద్దు. మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించండి, గోడల చుట్టూ అయిదారు మిల్లీమీటర్లు ఖాళీ వదిలించండి. ఆ ఖాళీ స్కర్టింగ్ కింద దాగిపోతుంది, దాన్ని జిగురుతో పూడ్చకూడదు. కింద వినైల్, పైన టైలు వేర్వేరు లెక్కల్లో సాగుతాయి. సాగడానికి చోటు లేకపోతే ఓ వేసవి మధ్యాహ్నం గది నడుమ రెండు టైల్స్ గుడారంలా లేస్తాయి.

టైల్స్ వేసిన మర్నాడే జాయింట్లు నింపే అలవాటు కాంక్రీటు నేలకి సరిపోతుంది. ఇక్కడ అటు వినైల్, ఇటు విట్రిఫైడ్, జిగురులో పాలిమర్ ఆరడానికి జాయింటు సందు ఒక్కటే దారి. మూడు రోజులు ఆగండి. ఆ మూడు రోజులూ నేల మీద నడవనివ్వొద్దు. జాయింటు మామూలు గదికి పాలిమర్ గ్రౌటు చాలు. వంటగదికి, క్లినిక్‌కి ఎపాక్సీ. బీరువా లాంటి బరువులు వారం తర్వాత.

ఈ పద్ధతి నిజంగా నెగ్గేది బరువు దగ్గర. తొమ్మిది మిల్లీమీటర్ల టైలు, జిగురు కలిపి చదరపు మీటరుకి 26 కిలోలు. అదే రెండంగుళాల ఇసుక సిమెంటు మాలు పరిచి వేస్తే ఆ మాలే వంద కిలోలు దాటుతుంది. గదుల శ్లాబు మీద వాడకపు బరువుకి ఐఎస్ 875 పెట్టిన లెక్క చదరపు మీటరుకి రెండు వందల కిలోలు అన్నది గుర్తు పెట్టుకుంటే, పాత మేడ మీద మాలు ఎందుకు వద్దంటామో తెలుస్తుంది. చప్పుడు, దుమ్ము తక్కువ, కింద అద్దెకున్నవాళ్లతో గొడవ ఉండదు.

పోగొట్టుకునేది ఎత్తు. నేల 13 మిల్లీమీటర్లు, అర అంగుళం పైకి వస్తుంది. తలుపు రెక్క అడుగున అంత కోయించాలి. టేకు తలుపైతే కోసిన అంచుకి వార్నిష్ మరవొద్దు, వానల్లో అక్కడే నీరు పీల్చి ఉబ్బుతుంది. గడప పొట్టిదైతే లోపలి వైపు ఇంకాస్త పొట్టిగా కనబడుతుంది. గది నేరుగా మెట్ల మీదికి తెరుచుకుంటే ఆఖరి మెట్టు మిగతావాటికంటే అర అంగుళం ఎత్తవుతుంది. పెద్దవాళ్లు తట్టుకునేది అక్కడే. స్నానాల గదిలో మాత్రం వినైల్ మీద టైల్స్ ఊసే వద్దు.

ఇంగ్లీషు వీడియోలు చూసి వినైల్ మీద సిమెంటు బోర్డు స్క్రూలతో బిగించి దాని మీద టైల్స్ వేయాలని అడిగేవాళ్లున్నారు. అవి చెక్క దూలాల మీద ప్లైవుడ్ పరిచిన అమెరికా ఇళ్లకి. మన ఆర్‌సీసీ శ్లాబుకి బోర్డు బిగించాలంటే శ్లాబు పొడవునా తూట్లు పొడవాలి, కరెంటు పైపులు కూడా అందులోనే ఉంటాయి.

కింది అంతస్తుకి ఏం చేయాలంటే, పీకడమే. కత్తితో ఆరంగుళాల పట్టీలుగా కోసి, హీట్ గన్‌తో వేడి చేస్తూ లాగితే ఇద్దరు మనుషులకి ఒక గది ఒక పూట పని. గచ్చు మీద మిగిలిన జిగురు బరకని గీకుడు తాపీతో తీసి, నేలని నెల రోజులు ఆరనివ్వాలి. పగుళ్లు పూడ్చి, తేమ మరీ ఎక్కువైతే తేమని ఆపే ఎపాక్సీ ప్రైమర్ వేసి, అప్పుడు మామూలు సీ2 జిగురుతో టైల్స్. వినైల్ మీద వేయడానికి కావలసిన ప్రైమర్, ఎస్1 బస్తాల అదనపు ధర చూస్తే, పీకే కూలీ అంతకన్నా పెద్ద తేడా రాదు.

బిల్లు మీద సరుకు పేరుతో పాటు టైప్, ఎస్1 గుర్తు, బ్యాచ్ నంబరు రాయించుకోండి. కంపెనీ వారంటీ ఏ నేల మీద, ఏ ప్రైమర్‌తో అన్నదానికే వర్తిస్తుంది. విప్పిన బస్తా మిగిలితే దాచుకోవద్దు, మన గాలి తేమకి వారంలో గడ్డకడుతుంది. విప్పని బస్తాని షాపువాడు వెనక్కి తీసుకుంటాడో లేదో కొనేటప్పుడే అడగండి.